కమోడ్ పదే పదే జామ్ అవుతోంది, ప్లంజర్ కొడితే పోతోంది, మళ్లీ వస్తోంది: అసలు అడ్డు ఎక్కడుంది?

తేటనీరు (ప్రశ్న):

ఇంట్లో రెండు టాయిలెట్లు ఉన్నాయి. ఒకటి వెస్టర్న్ కమోడ్, రెండోది నేలమీద కూర్చునే పాన్. కమోడ్ వారం పది రోజులకోసారి జామ్ అవుతోంది. ఫ్లష్ నొక్కగానే నీళ్లు అంచుదాకా లేచి, అక్కడ కాసేపు ఆగి, మెల్లగా దిగుతాయి. ప్లంజర్‌తో గట్టిగా కొడితే దారి ఇస్తుంది, కొన్నాళ్లు బాగుంటుంది, మళ్లీ మొదటికొస్తుంది. పాన్ సంగతి వేరు. అది పూర్తిగా ఎప్పుడూ ఆగలేదు గానీ నీళ్లు నిలబడి నిలబడి పోతున్నాయి, ఈ మధ్య ఇంకా నెమ్మదించింది.

కమోడ్ ట్యాంకు డ్యూయల్ ఫ్లష్. పెద్ద బటన్‌కు 6 లీటర్లు, చిన్న బటన్‌కు 3. రెండింటి పైపులూ బయట ఒకే చాంబర్‌లో కలుస్తాయి, అక్కణ్ణుంచి సెప్టిక్ ట్యాంకుకు పోతాయి. డ్రెయిన్ క్లీనర్ పొడి వేసినా తేడా లేదు. ఒకరు యాసిడ్ పోయమంటున్నారు, ఒకరు కమోడ్ మార్చేయమంటున్నారు, ఇంకొకరు సెప్టిక్ ట్యాంకు నిండిపోయిందంటున్నారు. పగలగొట్టే పని మొదలుపెట్టకముందే అడ్డు ఎక్కడుందో ఇంట్లోనే తేల్చుకోవచ్చా? తేలాక ఏది ముందు, ఏది తర్వాత?

గొట్టాలపని:

తేల్చుకోవచ్చండీ. చేతిలో బకెట్ ఉంటే చాలు.

ముందు ఒకటి గట్టిగా పట్టుకోండి. ఒకసారి జామ్ అయి మళ్లీ రాకపోతే, పడకూడనిదేదో పడింది, పోయింది అనుకోవచ్చు. పదే పదే వస్తోందంటే మాత్రం అసలు అడ్డు అక్కడే ఉందని అర్థం. ప్లంజర్ దానికి చిన్న దారి చేస్తోందే తప్ప దాన్ని తీయడం లేదు. ఆ మిగిలినదానికి కాగితం, మలం తగులుకుని మళ్లీ మూసుకుంటోంది. కాబట్టి ప్లంజర్ కొట్టగానే నీళ్లు దిగాయి కదా అని వదిలేయకండి. ఎక్కడుందో పట్టుకుని బయటికి లాగేదాకా ఈ పని తెమలదు.

అడ్డు ఉండగలిగే చోట్లు మూడే: కమోడ్ లోపలి వంపు (ట్రాప్), అక్కణ్ణుంచి చాంబర్ దాకా పైపు, చాంబర్ దాటాక సెప్టిక్ ట్యాంకు దాకా. అడ్డంటూ ఏమీ లేకుండా ఫ్లష్‌కే ఊపు లేకపోవడం నాలుగో సంగతి. దానికీ లక్షణాలు ఇంచుమించు ఇవే కాబట్టి చాలామంది పైపును అనుమానించి ఫ్లష్ ట్యాంకును మర్చిపోతారు.

బకెట్ పరీక్ష: కమోడ్‌లో నీళ్లు మామూలు మట్టంలో ఉన్నప్పుడే చేయాలి, నిండి ఉంటే వద్దు, పొంగి నేలమీద పడతాయి. 6 నుంచి 8 లీటర్ల నీళ్లు బకెట్‌లో తీసుకుని నడుమెత్తు నుంచి గుంట మధ్యలోకి మూడు నాలుగు సెకన్లలో ఒక్క ధారగా పోయండి. గుంట అమాంతం ఖాళీ అయి, చివర్లో గాలి పీల్చిన చప్పుడు వస్తే దారి బాగానే ఉంది, లోపం ఫ్లష్ ట్యాంకులోనో రిమ్ రంధ్రాల్లోనో (కమోడ్ అంచు కింద నీళ్లు వచ్చే చిన్న రంధ్రాలు) ఉంది. నీళ్లు పైకి లేచి నెమ్మదిగా దిగితే దారిలోనే అడ్డుంది.

అడ్డుందని తేలితే పక్కవి చూడండి. కమోడ్‌లో పోసినప్పుడు బాత్‌రూం నేలమీది ట్రాప్ (జాలీ కింద నీళ్లు పోయే చోటు) గుడగుడమంటోందా, అందులో నీళ్లు పైకి వస్తున్నాయా? వస్తే అడ్డు ఆ రెండు పైపులూ కలిసే చోటికి అవతల ఉంది. అక్కడ ఏ కదలికా లేకపోతే కమోడ్ సొంత వంపులోనో, దాని వెనకున్న పైపు ముక్కలోనో ఉంది.

మూడోది చాంబర్ మూత. తెరిచి కాసేపు అలాగే వదిలేయండి. వెంటనే ముఖం పెట్టి తొంగిచూడొద్దు, దగ్గర్లో నిప్పు వద్దు, పిల్లల్ని రానివ్వొద్దు. ఒకరు లోపల బకెట్ పోస్తుంటే ఇంకొకరు బయట చూడండి. చాంబర్ ఖాళీగా ఉండి, నీళ్లు ఆలస్యంగా సన్నధారగా వస్తే అడ్డు ఇంటివైపు. చాంబర్‌లోనే నీళ్లు నిలిచి ఉంటే అడ్డు సెప్టిక్ ట్యాంకు వైపు.

ఇవి చూసి రాయండి. ఈలోగా యాసిడ్ ముట్టుకోవద్దు. మీరు వేసిన డ్రెయిన్ క్లీనర్, అంటే కాస్టిక్ పొడి, లోపల ఇప్పటికే ఉంది.

తేటనీరు:

చూశాను. బకెట్ పోస్తే నీళ్లు లేచి నెమ్మదిగా దిగాయి. నేల ట్రాప్‌లో కదలిక లేదు. చాంబర్‌లో సగం దాకా నీళ్లు నిలిచి ఉన్నాయి, పైన తెట్టు కట్టింది. పాన్ నుంచి వచ్చే పైపు మూతి సగం మునిగి ఉంది. కమోడ్ పైపు మూతి మాత్రం నీళ్లకు జానెడు పైన ఉంది. కమోడ్‌లో పోసిన బకెట్ నీళ్లు అందులోంచి సన్నగా, చాలాసేపు కారాయి.

గొట్టాలపని:

అయితే మీకున్నవి రెండు వేర్వేరు సమస్యలు. కమోడ్ పైపు మూతి నీళ్లకు పైనే ఉందంటే చాంబర్ నిండటం వల్ల కమోడ్ ఆగడం లేదు. నేల ట్రాప్ కదలలేదు, నీళ్లు సన్నగా వచ్చాయి. కమోడ్ అడ్డు దాదాపుగా దాని వంపులోనే. పాన్ పైపు మునిగి ఉందంటే దాని నెమ్మదికి కారణం చాంబర్ అవతల. ఇప్పుడు చాంబర్ అవతలి భాగం ముందు చూసుకోవాలి. ఆ మట్టం ఇంకొంచెం పెరిగితే కమోడ్ పైపు కూడా మునుగుతుంది, అప్పుడు ఏది దేనివల్లో తెలియకుండా పోతుంది.

వాటం_లెవెల్:

చాంబర్ అవతలి సంగతి నేను రాస్తాను.

సెప్టిక్ ట్యాంకు మూత తెరిచి (జాగ్రత్తలు చాంబర్‌కు చెప్పినవే, ఇంకా ఎక్కువగా) లోపలి నీటిమట్టం చూడండి. ట్యాంకులో మట్టం ఎప్పుడూ బయటికి పోయే పైపు అడుగు భాగానికి సమానంగా ఉంటుంది. అది మామూలు స్థితి. నీళ్లు కనబడగానే ‘నిండిపోయింది’ అనుకోకూడదు, సెప్టిక్ ట్యాంకు ఎప్పుడూ నిండే ఉంటుంది.

మట్టం మామూలుగానే ఉండి చాంబర్ మాత్రం నిండి ఉంటే, అడ్డు ఆ రెండింటి మధ్య పైపులో ఉంది, లేదా ట్యాంకులోకి దిగే టీ పైపులో (ఇంగ్లీషు T ఆకారపు పైపు ముక్క) ఉంది. నా అనుమానం ముందు ఆ టీ మీదే. తెట్టు గట్టిపడి టీ నోటికి బిరడా పడటం చాలా మామూలు. పైనుంచి పొడవాటి కర్రతో టీ లోపల కిందికి పొడవండి. అదే అడ్డయితే చాంబర్‌లో నీళ్లు కళ్లముందే దిగిపోతాయి. దిగకపోతే చాంబర్ వైపు నుంచి రాడ్ తోయాలి.

మట్టం బయటికి పోయే పైపును ముంచేసి ఉంటే నీళ్లు అవతలికి పోవడం లేదు. అప్పుడు బయటి టీలో అడ్డో, ఇంకుడు గుంత పీల్చుకోకపోవడమో. దీన్ని తేల్చే అదను ట్యాంకు తోడించే రోజే. తోడుతుండగా ఇంకుడు గుంత వైపు నుంచి నీళ్లు వెనక్కి ట్యాంకులోకి కారుతుంటే గుంత పనైపోయినట్టు. ట్యాంకును ఎన్నిసార్లు తోడించినా కొద్దిరోజులకే మళ్లీ ఇదే పరిస్థితి వస్తుంది.

తోడించాలా వద్దా అన్నది ఏళ్ల లెక్కతో కాకుండా బురద లెక్కతో నిర్ణయించండి. పొడవాటి కర్రకు తెల్ల తువ్వాలు చుట్టి కట్టి, బయటి టీకి దగ్గరగా అడుగు తగిలేదాకా నిదానంగా దించి, ఒక నిమిషం ఉంచి తీయండి. తువ్వాలు మీద నల్లగా అంటిన ఎత్తే బురద మందం. బురద, పైనున్న తెట్టు కలిపి మొత్తం లోతులో మూడో వంతుకు చేరితే తోడించాలి. అంతకంటే ఆలస్యమైతే బురద బయటికి కొట్టుకుపోయి ఇంకుడు గుంత రంధ్రాలు మూసుకుంటాయి. ఆ ఖర్చుతో పోలిస్తే తోడించడం చాలా చిన్న పని. భూగర్భజలం పైకి ఉన్న చోట ప్లాస్టిక్ ట్యాంకయితే తోడించిన వెంటనే మంచినీళ్లతో నింపండి, ఖాళీ ట్యాంకు తేలి పైపుల జాయింట్లు ఊడతాయి.

ట్యాంకులోకి ఎవరూ దిగకూడదు. ఎంత అనుభవం ఉన్నవాళ్లయినా, ఒక్క నిమిషానికయినా సరే. అందులోని హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువ మోతాదులో ఉంటే ముక్కుకు వాసన తెలియడం కూడా ఆగిపోతుంది, మనిషి అక్కడే పడిపోతాడు, కాపాడబోయినవాళ్లూ పడిపోతారు. చేయాల్సిన పనంతా పైనుంచే.

చాంబర్ అడుగు కూడా ఒకసారి చూడండి. అడుగున అరగొట్టం ఆకారంలో కాలువ ఉండి, రెండు పక్కలా సిమెంటు దానివైపు వాలి ఉండాలి. బల్లపరుపుగా వదిలేస్తే నీళ్లు పరుచుకుపోయి గట్టి పదార్థం అక్కడే కూర్చుంటుంది. మేస్త్రి ఒక పూటలో సరిచేయగల పని ఇది, దీన్ని పట్టించుకోక ఏళ్ల తరబడి రాడ్లు తోయించేవాళ్లు ఉన్నారు.

పైపు వాటం (వాలు): 110 మిల్లీమీటర్ల పైపుకు 40లో 1 నుంచి 60లో 1 దాకా ఉండాలి. అంటే మీటరుకు సుమారు 17 నుంచి 25 మిల్లీమీటర్ల దిగుడు. 6 మీటర్ల పైపుకు మొత్తం 100 నుంచి 150 మిల్లీమీటర్లు. అంతకు తగ్గితే నీళ్లు మలాన్ని మోసుకుపోలేవు. వాటం సరిగ్గా పెట్టినా కింద మట్టి కుంగితే మధ్యలో పైపు కడుపులా వేలాడుతుంది, అక్కడ ఎప్పుడూ నీళ్లు నిలుస్తాయి, బురద పేరుకుంటుంది. జెట్ (ఒత్తిడితో కొట్టే నీళ్ల ధార) కొట్టించాక కొన్నాళ్లు బాగుండి సరిగ్గా అదే దూరంలో మళ్లీ ఆగుతుంటే ఇదో, జాయింట్లోంచి దూరిన చెట్టు వేరో అయి ఉంటుంది. వేరును కోయించినా మళ్లీ పెరుగుతుంది, ఆ జాయింటు మార్చాల్సిందే. ఇలాంటప్పుడు తవ్వకముందు కెమెరా పంపించి చూడటం మంచిది, ఎన్ని మీటర్ల దగ్గర తవ్వాలో తెలుస్తుంది.

పాన్‌కు ఇంకో మాట. మగ్గుతో కొంచెం కొంచెంగా పోస్తే ఎన్ని నీళ్లయినా పైపులో ఊపు పుట్టదు. మలం ట్రాప్ దాటుతుంది గానీ పైపు మధ్యలో ఆగుతుంది. చివర్లో 4, 5 లీటర్లు ఒక్క పోతగా పోయండి. చాంబర్ దూరంగా ఉన్న ఇళ్లలో ఈ ఒక్క అలవాటుతోనే చాలా తేడా వస్తుంది.

రింగునట్టు:

కమోడ్ సంగతికి వద్దాం. కమోడ్ నుంచి పోయే పైపు 110 మిల్లీమీటర్లది. కమోడ్ లోపలి దారి మాత్రం, సైఫానిక్ రకమైతే (గుంటలోని నీళ్లను పీల్చినట్టు లాగేసేది), సుమారు 50 మిల్లీమీటర్లే. వాష్‌డౌన్ రకంలో (నీళ్ల ఊపుతో తోసేసేది) అంతకంటే వెడల్పు. అంటే మొత్తం దారిలో ఇరుకైనది పింగాణీ లోపలే. ఆ వంపు దాటింది మామూలుగా పైపులో ఆగదు, ఆగేది వంపులోనే.

అక్కడ ఏముంటుంది? పదే పదే ఆగే కమోడ్లలో తరచుగా దొరికేవి గట్టి వస్తువులు: టూత్ బ్రష్, దువ్వెన, సీసా మూత, రిమ్‌కు తగిలించే సువాసన బిళ్ల ప్లాస్టిక్ గూడు, పిల్లల బొమ్మ. ఇవి దారిని పూర్తిగా మూయవు, అడ్డంగా నిలబడతాయి. ఒక్క నీళ్లయితే పోతాయి, కాగితం వచ్చినప్పుడే తగులుకుంటుంది. ‘కొన్నాళ్లు బాగుండి మళ్లీ’ అన్న మీ లక్షణం దీనికి సరిపోతుంది. తర్వాతి వరస వెట్ వైప్స్ (తుడుచుకునే తడి గుడ్డలు), శానిటరీ ప్యాడ్లు, డైపర్లు, దూది, జుట్టు. వైప్ ప్యాకెట్ మీద ఫ్లష్ చేయొచ్చని రాసి ఉన్నా నమ్మకండి. మూత ఉన్న సీసాలో నీళ్లు పోసి, ఒక వైప్, ఇంకో సీసాలో టాయిలెట్ పేపర్ వేసి అర నిమిషం గట్టిగా ఊపి చూడండి. పేపర్ పీచుపీచుగా విడిపోతుంది, వైప్ గుడ్డముక్కలాగే ఉంటుంది. పైపులోనూ అంతే.

ప్లంజర్ సరైనదేనా చూసుకోండి. అడుగు బల్లపరుపుగా ఉండే గిన్నె రకం సింకులకు. కమోడ్‌కు కింద ఇంకో మెడలాంటి రబ్బరు వేలాడే రకం కావాలి, అది రంధ్రంలోకి దూరి గాలి పోకుండా పడుతుంది. రబ్బరు మునిగేంత నీళ్లుండాలి. మొదటి తోపు నిదానంగా, లోపలి గాలి పోవడానికి. తర్వాత పట్టు వదలకుండా 15, 20 సార్లు. తోయడం కన్నా లాగడం గట్టిగా ఉండాలి. అడ్డం పడ్డ వస్తువు తోస్తే ఇంకా బిగుసుకుంటుంది, లాగితే వచ్చినదారినే వెనక్కి వస్తుంది. మీరు కాస్టిక్ పొడి వేశారు కాబట్టి ముందు నీళ్లు బాగా పోనివ్వండి. కళ్లద్దాలు, మోచేతి దాకా గ్లవ్స్ వేసుకోకుండా ప్లంజర్ పట్టుకోవద్దు. ఆ నీళ్లు కంట్లో పడితే చూపే పోవచ్చు.

ప్లంజర్‌తో లాభం లేకపోతే క్లోజెట్ ఆగర్. ఇది సింకుల్లో తోసే మామూలు స్ప్రింగ్ కాదు. పిడి, గొట్టం, చివర వంపు, ఆ వంపు మీద రబ్బరు తొడుగు ఉంటాయి. లోపలి తీగ 90 సెంటీమీటర్లు గానీ 180 గానీ. తీగ మొత్తం వెనక్కి లాగి ఉంచి వంపును రంధ్రంలో కూర్చోబెట్టండి. పిడిని గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పుతూ కొంచెం కొంచెం దించండి. తగిలినచోట బలవంతం చేయకుండా అక్కడే నాలుగైదు సార్లు తిప్పి, తిప్పుతూనే వెనక్కి లాగండి. కొక్కేనికి చిక్కింది దానితో వస్తుంది. తొడుగు లేని స్ప్రింగ్ వాడితే పింగాణీ మీద నల్ల గీతలు పడతాయి, అవి పోవు, మురికి కూడా అక్కడే పట్టుకుంటుంది.

ఆగర్ దగ్గర లేకపోతే మెత్తటి అడ్డులకు ఒక మార్గం ఉంది. 100 మిల్లీలీటర్ల గిన్నెలు తోమే లిక్విడ్ సోప్ వేసి, చెయ్యి పెడితే ఓర్చుకోలేనంత వేడి నీళ్లు, మరిగేవి కాదు, నాలుగైదు లీటర్లు పోసి అరగంట ఆగండి. మరిగే నీళ్లకు పింగాణీ పగలొచ్చు. గట్టి వస్తువుకు ఇది పనిచేయదు.

నీలిటైల్:

ఇదే వరసలో ఒక ప్రశ్న. గట్టి నీళ్లున్న చోట కమోడ్ లోపల రాయిలా పేరుకుంటుంది కదా, దానివల్ల కూడా ఇలా జామ్ అవుతుందా? దానికైనా యాసిడ్ పోయొచ్చా?

రింగునట్టు:

అవుతుంది. నీళ్లలోని కాల్షియం, మూత్రంలోని లవణాలు కలిసి పసుపు, గోధుమ రంగు పొరగా గట్టిపడతాయి. 50 మిల్లీమీటర్ల దారి ఏటికేడు ఇరుకవుతుంది, పైగా గరుకవుతుంది. నునుపు గోడ మీద జారిపోయే కాగితం దానికి తగులుకుంటుంది. నీటిగుంట చుట్టూ ఆ పొర కనబడుతుంటే లోపల ఇంకా ఎక్కువే ఉంటుంది.

దానికి నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్ పొడి చాలు. గుంటలోని నీళ్లు స్పాంజితో వీలైనంత తోడేయండి, లేకపోతే మందు పలుచబడి పని జరగదు. 200 గ్రాములు రెండు లీటర్ల గోరువెచ్చకన్నా కాస్త ఎక్కువ వేడి నీళ్లలో కరిగించి పోసి, రాత్రంతా వదిలేయండి. పొద్దున బ్రష్‌తో రుద్ది ఫ్లష్ చేయాలి. మందంగా ఉంటే రెండు మూడు రాత్రులు పడుతుంది, ఓపిక పట్టండి. కాస్టిక్ పొడి వేసినవాళ్లు అది పూర్తిగా కొట్టుకుపోయేలా చాలాసార్లు ఫ్లష్ చేసి, మర్నాడే ఇది మొదలుపెట్టాలి.

బాత్‌రూం యాసిడ్, అంటే హైడ్రోక్లోరిక్, పొరను కరిగిస్తుంది, నిజమే. దాంతోపాటు సిమెంటు జాయింట్లను, చాంబర్ గోడలను తింటుంది, లోహపు బోల్టులను తుప్పు పట్టిస్తుంది, సెప్టిక్ ట్యాంకులో పనిచేసే బ్యాక్టీరియాను దెబ్బతీస్తుంది. వైప్‌నూ ప్లాస్టిక్‌నూ ఏమీ చేయదు. అన్నిటికన్నా ముఖ్యం: ఏ యాసిడ్‌నైనా, చివరికి నిమ్మ ఉప్పునూ వెనిగర్‌నూ కూడా, బ్లీచ్‌తో కలపకూడదు. క్లోరిన్ వాయువు పుడుతుంది. చిన్న బాత్‌రూంలో తలుపు వేసుకుని ఉంటే ప్రాణాంతకం. కాస్టిక్ పొడి సంగతి కూడా చెబుతాను. అది జిడ్డుకూ జుట్టుకూ చేసిన మందు. ఈ పొరకు పనిచేయదు, పైగా నిలిచిన నీళ్లలో కొన్నిసార్లు తానే గడ్డకట్టి కొత్త అడ్డవుతుంది.

గొట్టాలపని:

ఫ్లష్ ట్యాంకు గురించి ఎవరూ రాయలేదు, బకెట్ పరీక్షలో నెగ్గిన కమోడ్లు ఉన్నవాళ్లకు అది కావాలి.

పెద్ద బటన్ నిజంగా 6 లీటర్లు ఇస్తోందా కొలవండి. యాంగిల్ కాక్ (ట్యాంకుకు నీళ్లిచ్చే చిన్న కుళాయి) కట్టేసి, ట్యాంకు లోపల నీటిమట్టం దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టి, పెద్ద బటన్ నొక్కండి. ఆ గీత దాకా లీటరు జగ్గుతో నింపుతూ లెక్కపెట్టండి. నాలుగు, నాలుగున్నర దగ్గరే నిండిపోతే కారణం అదే. ట్యాంకు గోడమీద అచ్చువేసిన గీత ఉంటే మట్టం అక్కడికి రావాలి, లేకపోతే ఓవర్‌ఫ్లో గొట్టం (ట్యాంకు మధ్యలో నిలువుగా ఉండి, ఎక్కువైన నీళ్లను కమోడ్‌లోకి వదిలేది) పైఅంచుకు 25 మిల్లీమీటర్లు కిందికి. ఫ్లోట్ మరను తిప్పి సరిచేయండి. ఫ్లాపర్ (ట్యాంకు అడుగున గొలుసుతో లేచే రబ్బరు మూత) రకమైతే గొలుసు బిగుతుగా ఉంటే నీళ్లు కారతాయి, మరీ వదులుగా ఉంటే ఫ్లాపర్ పూర్తిగా లేవక తొందరగా మూసుకుంటుంది. ఒక సెంటీమీటరు వదులు చాలు. నీళ్లు ఆదా చేయాలని ట్యాంకులో ఇటుకో సీసానో పెట్టి ఉంటే తీసేయండి. ఆ కమోడ్‌ను 6 లీటర్లకు తయారుచేశారు, 5 లీటర్లతో అది సరిగ్గా పనిచేయదు. మూడు లీటర్ల బటన్ మూత్రానికి మాత్రమే.

తర్వాత రిమ్ రంధ్రాలు. అంచు కింద చిన్న అద్దం పెట్టి టార్చి వేసి చూడండి. సగం మూసుకుపోయి ఉంటే తీగతో ఒక్కొక్కటీ పొడిచి, నిమ్మ ఉప్పు నీళ్లు ఒక లీటరు ఓవర్‌ఫ్లో గొట్టంలో పోయండి. అవి నేరుగా రిమ్‌లోకే దిగుతాయి. గుంట అడుగున ఎదురుగా ఒక పెద్ద రంధ్రం ఉన్న మోడళ్లలో అది మూసుకుంటే సైఫన్ అసలు మొదలవదు.

పై అంతస్తుల వాళ్లకు ఇంకొకటి. ఫ్లష్ చేసినప్పుడు గుడగుడమని చప్పుడొచ్చి, తర్వాత గుంటలో మట్టం తగ్గి, వాసన కూడా వస్తుంటే డాబామీది వెంట్ పైపు (మురుగు పైపుకు గాలి అందించేది) చూడండి. పక్షి గూడో ఎండుటాకులో మూసేసి ఉంటాయి. గాలి రాకపోతే నీళ్లు దిగవు, ట్రాప్‌లో వాసన రాకుండా ఆపే 50 మిల్లీమీటర్ల నీటి సీల్‌ను కూడా పైపు లాగేసుకుంటుంది.

తేటనీరు:

సెప్టిక్ ట్యాంకులో మట్టం మామూలుగానే ఉంది. టీలో కర్రతో పొడిస్తే గట్టి తెట్టు విరిగి చాంబర్ ఖాళీ అయింది, పాన్ ఇప్పుడు బాగా పోతోంది. కమోడ్‌లో ఆగర్ అరగజం లోపలే టక్కుమని తగులుతోంది, ప్లాస్టిక్ గీరిన చప్పుడు వస్తోంది, తిప్పి లాగితే ఏమీ రావడం లేదు. ఇక కమోడ్ ఎత్తాల్సిందేనా? పగలకుండా ఎలా ఎత్తాలి?

రింగునట్టు:

ఎత్తాల్సిందేనండీ. ఇంకా తిప్పితే వస్తువు మరింత బిగుసుకుంటుంది. మార్చక్కర్లేదు, అదే కమోడ్ మళ్లీ బిగించొచ్చు. ఇద్దరుండాలి.

ముందు ఇది గోడకు పోయే రకమా, నేలలోకి పోయే రకమా చూసుకోండి. గోడ రకమైతే వెనక రబ్బరు పాన్ కనెక్టర్ ఉంటుంది, నేల రకమైతే అడుగున మైనపు రింగు గానీ రబ్బరు గ్యాస్కెట్ గానీ. ఏదైనా కొత్తది ముందే తెచ్చిపెట్టుకోండి. ఒకసారి నలిగిన మైనపు రింగు రెండోసారి పనికిరాదు.

యాంగిల్ కాక్ కట్టి, ట్యాంకు ఖాళీ చేసి, గుంటలో నీళ్లు స్పాంజితో పూర్తిగా తీసేయండి. కనెక్షన్ పైపు విప్పండి. ట్యాంకు విడిగా బిగించే రకమైతే ముందు దాన్ని దించితే బరువు తగ్గుతుంది. అడుగు అంచు చుట్టూ వైట్ సిమెంటో సిలికానో ఉంటే పలుచటి బ్లేడుతో చుట్టూ కోయాలి. ఎక్కువ కమోడ్లు పగిలేది ఇక్కడే: కోయకుండా పైకి లాగుతారు, లేదా స్క్రూడ్రైవర్ పెట్టి ఒకవైపు ఎత్తుతారు. కోత పూర్తయ్యాక బోల్టులు విప్పి, పక్కలకు మెల్లగా ఊపుతూ పట్టు వదిలించి, ఇద్దరూ తిన్నగా ఎత్తండి. గోడ రకాన్ని ముందుకు లాగి కనెక్టర్‌లోంచి విడిపించాలి. నేలలో తెరుచుకున్న పైపులో వెంటనే గుడ్డ కుక్కండి, చివర బయటికి వేలాడేలా. పైపులోంచి వచ్చే గాలికీ, నట్టు జారి పడకుండానూ అదే కాపలా.

మందపాటి దుప్పటి పరిచి కమోడ్‌ను పక్కకు పడుకోబెట్టండి. బయటికి పోయే రంధ్రంలోంచి టార్చి వేసి చూడండి, వస్తువు చాలాసార్లు అక్కడికే కనబడుతుంది. ఆ వైపు నుంచి ఆగర్ పంపి, వచ్చిన దారినే గుంటవైపు తోయండి. వచ్చాక నమ్మకంగా ఉండటానికి రెండు మూడు మగ్గుల నీళ్లు పోసి ధార నిండుగా వస్తోందా చూడండి.

ఇప్పుడే ఇంకో రెండు చూసుకోండి, కమోడ్ మళ్లీ ఇంత తేలిగ్గా ఎత్తరు. పైపు నోటిలో కట్టినప్పటి సిమెంటు ముద్దలు పడి ఉన్నాయా? పాత రింగు మైనం నలిగి లోపలికి జారి దారిని సగం మూసిందా? రెండూ మళ్లీ మళ్లీ జామ్ అవడానికి కారణాలే. పైపు మధ్యకూ కమోడ్ రంధ్రం మధ్యకూ తేడా ఉంటే రింగు ఎప్పుడూ వంకరగానే నలుగుతుంది, దానికి ఆఫ్‌సెట్ కనెక్టర్ (ఆ పక్కకు జరిగిన తేడాను కలిపే ముక్క) వాడాలి.

బిగించేటప్పుడు గుడ్డ తీయడం మర్చిపోవద్దు. రింగును కమోడ్ అడుగుకు అంటించి, బోల్టుల మీదికి తిన్నగా దించి, కూర్చుని బరువు వేయండి, తిప్పకండి. బోల్టులు ఒకవైపే బిగించకుండా అటు కాస్త, ఇటు కాస్త బిగించాలి. కమోడ్ ఊగడం ఆగితే చాలు, ఇంకో అరచుట్టు ఎక్కువైతే పింగాణీ చిట్లుతుంది. ఆ వెంటనే సీలు వేయకండి. నాలుగైదు సార్లు పెద్ద బటన్ నొక్కి, అడుగు చుట్టూ పొడి టిష్యూ పరిచి ఒక రోజు చూడండి. టిష్యూ తడవకపోతే అప్పుడు అంచు చుట్టూ సిలికాన్ వేయండి, వెనకవైపు రెండంగుళాలు ఖాళీ వదలండి. ఎప్పుడైనా రింగు కారితే నీళ్లు ఆ సందులోంచి బయటికొచ్చి కనబడతాయి.